నలభై ఏడో వారం

పుంగనూరు,
13-8-1986.

కుప్పంలో ఉండే నా తల్లి కృష్ణవేణికి, నాయన కొండప్ప సంతోషం పట్టలేక రాసే జాబు.

వేణమ్మా, ఈ జాబు కూర్చోని చదువు. మీ నాయన మొన్న ఆదివారం మెత్తటి సీట్లుండే వ్యానులో ఎక్కి, మదనపల్లె దాటి, హార్స్లీ హిల్స్ కొండ కిందకు పోయి వచ్చినాడు. టిక్కెట్టు లేదు, తోపులాట లేదు. మనూరి నించి ఏడుమందిమి, అందర్లోకీ నేనే పెద్ద. దిగంగానే మెడకు టై కట్టుకొన్న ఒకాయన, పేరు నారాయణస్వామి అంట, నా చెయ్యి పట్టుకోని "రండి సార్" అన్నాడు. నలభై ఏండ్లుగా "ఒరే కొండప్పా, బెంచీలు యాడరా, షామియానా ఇంకా రాలేదేమిరా" అనిపించుకొన్న చెవులు ఇవి. ఎవర్ని సార్ అంటాండాడో అని వెనక్కి తిరిగి చూసినాను. వెనక ఎవరూ లేరు.

విషయం ఏమంటే తల్లీ, ఆడ ఆనందవనం హాలిడే క్యాంపు అని కొత్తగా పెడతాండారు. పిలకాయలకు రంగులరాట్నం, చిన్న రైలు, నీళ్ళ గుంతలో పడవ. హార్స్లీ హిల్స్ పాతపేరు ఏనుగు మల్లమ్మ కొండ గదా అని సిమెంటుతో ఇంతెత్తు ఏనుగును గూడా కట్టినారు. వెనక మెట్లెక్కి తొండం మీదినించి జారాల. నేను గూడా జారినాను. నవ్వొద్దు. పంచె ఎగ్గట్టుకొనే జారినాను.

చెట్ల నడుమ చెక్క ఇండ్లు కడతాండారు. క్యాబిన్లు అంటారు. ఒక్కో దాంట్లో రెండు గదులు, నడుమ హాలు, ముందర వసారా. ఇల్లు మనది కాదు, వారం మనది. ఏడాదికి యాభై రెండు వారాలు గదా, మనం ఒక వారం ఎంచుకొంటే ప్రతి ఏడూ ఆ వారం రాంగానే తాళంచెవి మన చేతిలో పెడతారు. ఇట్ల ఇరవై అయిదేండ్లు. నా తరవాత మీకు. దీన్ని టైంషేరు అంటారంట.

నీ దగ్గిర దాచేదేముండాది. ఆ రెండు గదులు చూడంగానే నా కండ్లకు మీరే కనపడినారు. ఒక గదిలో నువ్వూ, అల్లుడు రామమూర్తీ, నీ పిలకాయలూ. ఇంకో గదిలో నీ తమ్ముడు శ్రీరాములూ, వాని పెండ్లామూ, వాని పిలకాయలూ. హాల్లో చాపేసుకోని నేను. పొయ్యి ఒకటే, కొళాయి ఒకటే. ఒక కొళాయి దగ్గిర ఏడు దినాలు మాట్లాడకుండా ఎవరన్నా ఉండగలరా? మీ అమ్మ మంగమ్మ పోయిన దినం నించి మీ అక్కాతమ్ముడు ఎదురూబొదురూ నిలబడి ఆరేండ్లయింది. నాకు డెబ్బై దాటినాయి. మీరిద్దరూ ఒక కప్పు కింద ఉండేది ఒక్కసారి చూడాల. ఇంకేమీ అక్కరలేదు నాకు.

నువ్వు సరే అంటావని తెలుసు. అన్నట్టే అనుకోని సంతోషంగా ఉండాను.

మీ నాయన,
కొండప్ప.

*

కుప్పం,
26-8-1986.

నాయనకు, వేణి.

నీ జాబు కూర్చోనే చదివినాను. తొండం మీద జారినావని విని నీ మనవళ్ళు రెండు దినాలుగా నవ్వుతాండారు. వారాన్ని అమ్మేదేమి, మన వారపు సంతలోనా అని మీ అల్లుడు అడగతాండాడు. నేనూ నవ్వినాను, రెండో పేజీ తిప్పేదాకా.

నువ్వు మర్చిపోయినట్టుండావు. నేను మర్చిపోలేదు. టెలిగ్రాం అందిన అర్ధగంటకు బస్సెక్కినాను. గంగవరం దగ్గిర టైరు పగిలింది. పక్కన సంచిలో అమ్మకు కప్పాలని తెచ్చిన పసుప్పచ్చ కోక. పుంగనూరు బస్టాండులో దిగి పరిగెత్తుకోని వస్తే, వీధి మొగదల్లో తమ్ముడు తడిగుడ్డలతో ఎదురొచ్చినాడు. "ఎత్తేసినామక్కా" అన్నాడు. ఒక గంట నాయనా. గంట ముందర వరకూ అమ్మ ఇంటి ముందరే ఉండిందంట. "యాల ఆగలేదురా, ఎందుకురా" అని నడివీధిలో అరిచినాను. వాడు నోరు తెరవలేదు. ఈ పొద్దు దాకా తెరవలేదు. ఆ కోక నా పెట్టె అడుగునే ఉంది.

అమ్మ మొగం కడసారి చూడనియ్యనోడి వెనకాల బిందె పట్టుకోని కొళాయి దగ్గిర నిలబడమంటావా?

ఆ మాట అట్లుంచు. నలభై ఏండ్లు పందిర్లు కట్టినోడివి నువ్వు. ఆ చెక్క ఇండ్లను కండ్లతో చూసినావా, చేత్తో తట్టి చూసినావా? గుంజలు ఎంత లోతు దిగినాయి? కప్పు దేంతో వేసినారు? "సార్" అన్నదానికే పడిపోయినట్టుండావు.

ఆరోగ్యం చూసుకో. రాగులు పంపిస్తాండాను.

వేణి.

*

పుంగనూరు,
22-9-1986.

మా ఇంటి పెద్దబిడ్డ కృష్ణవేణికి, నాయన ఇంకా ఎక్కువ సంతోషంతో.

రాగులు అందినాయి తల్లీ. నీ కోపమూ అందింది. రెండూ నా బిడ్డ పంపినవే అని భద్రంగా పెట్టుకొన్నాను.

నువ్వు అడిగినావని మళ్ళా పోయినాను, ఈ సారి మామూలు బస్సులో, ఎవరికీ చెప్పకుండా. చేత్తో తట్టినాను. భుజంతో తోసినాను. నా బిడ్డకు అబద్ధం రాయను. గుంజ మూరెడు గూడా దిగలేదు. మూడు దినాల పెండ్లి పందిరికే నేను మూరన్నర తవ్విస్తాను. కప్పు రేకులకు చీలలు తక్కువ కొట్టినారు. కానీ పైన రంగు ఎంత బాగుండాదనుకొన్నావు! చిలకపచ్చ. కిటికీలకు గులాబీ రంగు గుడ్డలు. నారాయణస్వామిని అడిగితే "బెంగుళూరు ఇంజనీర్లు చూసినారు సార్, మీకెందుకు సార్" అన్నాడు. వాళ్ళకు తెలీకుండా ఉంటాదా? నేను అయిదో క్లాసు.

ఇంకో సంగతి విను. ఆడ ఒక పక్క గుడారాలు గూడా వేస్తాండారు, క్యాబిన్లు అందనోళ్ళకు. నలుగురు కుర్రోళ్ళు తాడు ముడేసేది రాక గుడారాన్ని మూడుసార్లు మొగాన పడేసుకొన్నారు. నాకు చెయ్యి ఊరుకోలేదు. చొక్కా ఇప్పి పక్కన పెట్టి, రెండు ముళ్ళు నేర్పించి వచ్చినాను. "తాతా, నువ్వు మా క్యాంపుకు వచ్చేయ్" అన్నారు. వస్తాను, మా పిల్లల్ని పిలుచుకోని వస్తాను అని చెప్పినాను.

వారం గూడా పెట్టేసినాను తల్లీ! పంచాంగం ముందరేసుకోని చూసినాను. మీ అమ్మ తిథి కార్తీక బహుళ పంచమి గదా. ఈ ఏడు అది నవంబరు ఇరవై ఒకటి, శుక్రవారం. ఆ దినం పడేది నలభై ఏడో వారంలో. "నలభై ఏడు రాసుకోండి" అన్నాను. కట్టేది అయిపోయి వచ్చే ఏడాదినించి తాళంచెవి ఇస్తారు. అప్పటినించి ఇరవై అయిదేండ్లు, మీ అమ్మ తిథి నాటికి నువ్వూ తమ్ముడూ ఆడనే ఉంటారు. ఇద్దరూ కలిసి అమ్మకు పెడతారు. నేను ఉన్నా లేకున్నా నడస్తాది. ఇది ఎవరికి తట్టింది? నాకే తట్టింది!

ఫారం దీంతో పంపిస్తాండాను. కింద నా వారసులు ఇద్దరి సంతకాలూ ఉండాలంట. డిసెంబరు ముప్పై ఒకటి గడువు. తమ్ముడి దగ్గిరికి మదనపల్లె పోయినాను. మోటార్ల అంగట్లో తీగ చుట్టతా ఉండినాడు. ఇంత డబ్బు కట్టేది ఎందుకు, ఏమి అని ఒక్క మాట అడగలేదు. పెన్ను పట్టుకోని, "అక్క పెడతాదా నాయనా?" అన్నాడు. పెడతాదిరా అన్నాను. చేసేసినాడు.

వాడి సంతకం పక్కన నీ జాగా ఖాళీగా ఉండాది. నీ కాళ్ళు పట్టుకోకూడదు, బిడ్డవి. పట్టుకొన్నట్టే అనుకో.

కొండప్ప.

*

కుప్పం,
5-10-1986.

నాయనకు.

ఫారం సంతకం లేకుండానే తిరిగి పంపిస్తాండాను. కోపంతో కాదు. ముందర ఈ లెక్క చూడు.

తిథి నడస్తాది నాయనా, వారం నడవదు. అమ్మ పోయింది నవంబరు ఇరవై ఏడున. మరుసటేడు పంచమి నవంబరు పదహారున వచ్చింది. దాని పై ఏడు డిసెంబరు అయిదు. తరవాత నవంబరు ఇరవై అయిదు. తరవాత పదమూడు. పోయినేడు డిసెంబరు రెండు. నీ నలభై ఏడో వారం ప్రతి ఏడూ నవంబరు మూడో వారంలో గుంజకు కట్టేసినట్టు ఆడనే ఉంటాది. పంచమి దానికి ముందరో వెనకో పోతా ఉంటాది. వచ్చే ఏడు నవంబరు పదికి వస్తాదని అయ్యవారు చెప్పినారు. తాళంచెవి నీ చేతికి వచ్చేసరికి తిథి దాటిపోయి వారమవతాది. పంచాంగం చూసి ఇంగ్లీషు వారం కొనేది మనింట్లో తప్ప యాడా జరగదు.

ఈ తేదీలన్నీ నాకెట్ల తెలుసని అడగతావేమో. ప్రతి ఏడూ ఆ దినం నేను అన్నం ముట్టను. తమ్ముడింటికి రాను గాబట్టి మీకు తెలీదు. పాత క్యాలెండర్లు ఆరూ మేకుకు తగిలించే ఉన్నాయి, వాటిమీద సున్నాలు చుట్టినాను.

ఇంకొకటి చెప్తాను, నీకు చెప్పలేదు. మూడేండ్ల కింద తమ్ముడు కుప్పం వచ్చినాడు. గేటు దగ్గిర నిలబడినాడు, సంచిలో మామిడిపండ్లు. "ఆ దినం యాల ఆగలేదో చెప్పు, లోపలికి రా" అన్నాను. తల వంచుకోని, "నేనేం చెప్పేదక్కా" అని సంచి గోడమీద పెట్టి వెళ్ళిపోయినాడు. ఒక్క మాట చెప్పలేనోడికి ఇరవై అయిదు వారాలు ఇచ్చినా ఏం చెప్తాడు?

గుంజ మూరెడు దిగలేదని నువ్వే రాసినావు. ఇంకెవరికైనా అయితే "దాని కిందికి పోవద్దప్పా" అని చెయ్యి పట్టి లాగేవాడివి. మమ్మల్ని పడుకోమంటాండావు. నీకు ఏమయింది నాయనా?

వేణి.

*

పుంగనూరు,
19-11-1986.

వేణమ్మకు, నాయన.

సంతోషంగానే ఉండాను తల్లీ. సంతోషంగా లేనని అనుకోవద్దు.

నువ్వు చెప్పింది నిజమే. తిథి సంగతి నాకు తట్టలేదు. ఇన్నేండ్లు ముహూర్తాలకు పందిర్లేసి, పోయినేటి ముహూర్తం ఈ ఏడు అదే తేదీన రాదని తెలిసినోణ్ణి, నా పెండ్లాం తిథికి వచ్చేసరికి గుడ్డోణ్ణయినాను. నారాయణస్వామి దగ్గిరికి పోయి, "అయ్యా, మా వారాన్ని కొంచెం జరపండి, ఒక ఏడు ముందరికి, ఒక ఏడు వెనక్కి, పంచాంగం నేనే ప్రతి ఉగాదికీ తెచ్చిస్తాను" అన్నాను. ఆయన నవ్వినాడు. "మీ పంచాంగంతో బెంగుళూరు ఆఫీసుకు పని లేదు సార్" అన్నాడు. ఈ తూరి ఆ సార్ చెవికి బాగలేదు.

ఈ వానలకు క్యాంపు చూసొద్దామని అట్నే కొండకిందికి పోయినాను. మూడు క్యాబిన్లు ఒకవైపుకు వాలినాయి. చిన్న రైలు పట్టాలు నీళ్ళలో ఉండాయి. ఏనుగు బాగానే ఉండాది. మనకిస్తామన్న ఇంటి మూల గుంజ ఊగతాండాది. అడిగేదానికి ఎవరూ లేరు. నా చేతి సంచిలో ఎప్పుడూ తాడు ఉంటాది గదా, దాన్ని ఆ గుంజకు కట్టి, అవతల వేపచెట్టుకు బిగించి వచ్చినాను. ఇప్పటికి నిలబడింది.

అయినా సంతకం పెట్టు తల్లీ.

తిథికి పడకపోతే పోనీ. ఒకనాడు ముందరో వెనకో. ఇల్లు వాలితే పోనీ. నేను బయట మంచమేసుకోని తాళ్ళు చూసుకొంటా ఉంటాను, మీమీద పడనిస్తానా? అంగట్లో సామాన్లు అమ్మేసినాను. గంగాళాలు, బెంచీలు, లైట్లు అన్నీ. అడ్వాన్సు కట్టేసినాను. అది పోతాదని కాదు నా బాధ, నన్ను నమ్ము. గడువు దాటితే ఈ దోవ మూసుకుపోతాది. ఇంకో దోవ నాకు తెలీదు. తెలిసిన దోవలో నడిచేదానికి కాళ్ళు రావు.

సంతకం పెట్టు వేణీ. పొడి అక్షరాలు పెట్టినా చాలంట. సరే అని రాస్తే ఫారం నేనే ఎత్తుకోని వస్తాను.

ఎల్లుండి పంచమి. నువ్వు అన్నం ముట్టవని తెలిసింది గదా, నేనూ ముట్టను.

నాయన.

*

కుప్పం,
14-12-1986.

నాయనకు.

నీ జాబు మూడుసార్లు చదివినాను. "తెలిసిన దోవలో నడిచేదానికి కాళ్ళు రావు" అని రాసినావు. దాని కింద గీత గీసినాను.

ఆ దినం వీధిలో తమ్ముణ్ణి నేను అడిగినప్పుడు, వాడు నాకల్లా చూడలేదు. నీకల్లా చూసినాడు. నువ్వు ఇంటిముందర షామియానా విప్పేసి, తాడును మోచేతికి చుట్టుకొంటా ఉండినావు. బిడ్డ వచ్చి వీధిలో పొర్లి ఏడస్తాంటే తల ఎత్తకుండా తాడు చుట్టతా ఉండినావు. దుఃఖంలో ఏం చేస్తాండావో నీకే తెలీదేమో అనుకొన్నాను. ఆరేండ్లు అట్లనే అనుకొన్నాను.

ఇప్పుడు అడగతాండాను. ఆ దినం ఏం జరిగింది?

చెప్పకపోతే సంతకం లేదు. ఇంకో ఫారం, ఇంకో ఇల్లు, ఇంకో వారం ఏది తెచ్చినా లేదు. చచ్చిపోతానని మాత్రం రాయొద్దు. నువ్వు చచ్చిపోతే నాకు చెప్పేవాళ్ళు ఎవరూ మిగలరు.

వేణి.

*

పుంగనూరు,
30-12-1986.

కృష్ణవేణికి.

రేపు గడువు. ఫారం ఈ పొద్దే పొయ్యిలో పెట్టినాను. ఇంక నాకు అడ్డం పెట్టుకొనేదానికి ఏమీ లేదు గాబట్టి రాస్తాండాను.

మీ తమ్ముడు ఎత్తించలేదు తల్లీ. నేను ఎత్తించినాను.

ఆ దినం వాడు నీకోసరం సైకిలేసుకోని బస్టాండుకు మూడుసార్లు పోయినాడు. ప్రతిసారీ వచ్చి, "పలమనేరు నించి బస్సు ఇంకా రాలేదు నాయనా, అక్క వచ్చేస్తాది, ఆగదాం" అన్నాడు. మూడోసారి వాడు బస్టాండులో ఉండంగానే, "ఎత్తండప్పా" అని నేను చెప్పినాను. "కూతురు రావాల గదా కొండప్పా" అని పెద్దోళ్ళు అడిగినారు. "రాదంట" అని చెప్పినాను. ఆ అబద్ధం నాది. వాడు సగం దోవలో పరిగెత్తుకోని వచ్చి, ఎగరొప్పతా, అమ్మ కింద భుజం పెట్టినాడు. నాకల్లా చూసినాడు. వీధిలో నువ్వు చూసినావే, అదే చూపు.

యాల చెప్పినావు అని అడగతావు. నాకు నేను ఎన్నో కారణాలు చెప్పుకొన్నాను. పొద్దు వాలతాందని, వాన మబ్బు పట్టిందని. అవేవీ కావు. సావిండ్ల ముందర ఎన్ని పందిర్లు ఏసినానో నాకే తెలీదు. పందిరేసి, దూరంగా బీడీ తాగతా కూర్చొని, వాళ్ళు ఎవరికోసరమో కాచుకొంటాంటే చూసేవాణ్ణి. సాయంత్రానికి ఆ మొగాలు ఎట్లవతాయో నాకు తెలుసు. ఆ దినం నా షామియానా కింద మీ అమ్మ ఉండాది. గంట గంటకూ ఆమె మొగం మారతాండాది. ఆ మొగాన్ని నేను ఇంక చూడలేకపోయినాను. నీకు చూపించాలనే మాట నా తలలో లేదు. నా కండ్లకు అవతల పెట్టాల, అంతే. నాకోసరమే చేసినాను.

తరవాత నువ్వు వచ్చి అరస్తాంటే నేను తాడు చుట్టతానే ఉండినాను. మధ్యాన్నం నించి తాగని నీళ్ళు ఆ రాతిరి తాగినాక, వాడితో అన్నాను: "శ్రీరాములూ, అక్కకు చెప్పొద్దురా. తమ్ముడివి గాబట్టి నీమీద కోపం నాలుగు దినాలకు పోతాది. నాయన మీదయితే పోదు." వాడు సరే అన్నాడు. నాలుగు దినాలు అనుకొన్నది ఆరేండ్లయింది. కుప్పం గేటు దగ్గిర గూడా వాడు మాట తప్పలేదని నీ జాబు చూసినాకనే నాకు తెలిసింది.

ఒక కప్పు కింద ఏడు దినాలు పెడితే మీరే కలిసిపోతారు, నేను ఈ మాట చెప్పే పని లేకుండా పోతాది అనుకొన్నాను. అందుకే నాకు ఆ చెక్క ఇల్లు అంత బాగా కనపడింది. ఊగే గుంజ గూడా బాగా కనపడింది.

ఆ షామియానాను ఆ దినం తరవాత ఎవరికీ బాడుగకియ్యలేదు. సామాన్లు అమ్మినప్పుడు గూడా అది అమ్మలేదు. మడిచి పెట్టుకొన్నాను.

దీవెనలు రాసేదానికి నాకు మొగం లేదు.

కొండప్ప.

*

పుంగనూరు,
20-2-1987. (కార్డు)

వేణికి. నా జాబు అందిందా? అందింది అని ఒక్క ముక్క రాయి. తిట్టి రాసినా సరే.

కొండప్ప.

*

పుంగనూరు,
8-6-1987. (కార్డు)

వేణికి. పోస్టుమేన్ నన్ను చూస్తే పక్క వీధిలో పోతాండాడు, జాబు లేదు లేదని చెప్పలేక. రోజూ అరుగు మీద కూర్చుంటాను గాబట్టి వానికి వేరే దోవ లేదు. పిలకాయలు బాగుండారని అల్లుడి చేతైనా రాయించు. ఆ క్యాంపు మూతపడిందంట. నాకు దాంతో పని లేదు. ఊరికే రాసినాను, కార్డులో జాగా మిగిలింది గాబట్టి.

కొండప్ప.

*

మదనపల్లె,
28-10-1987.

నాయనకు, కృష్ణవేణి.

పైన ఊరి పేరు చూసినావు గదా. చూసి మళ్ళా కండ్లు తుడుచుకోని చూస్తావని తెలుసు. అవును, తమ్ముడింట్లోనే కూర్చొని రాస్తాండాను.

నీ జాబు వచ్చినాక నాకు పది నెలలు పట్టింది. అన్ని నెలలూ నీమీద కోపంతో కాదు. తమ్ముడి మొగం చూసేదానికి నాకు మొగం లేక. మామిడిపండ్ల సంచి గోడమీద పెట్టి పోయినాడని రాసినాను గదా. ఆ పండ్లు పక్కింటోళ్ళ ఆవుకు వేసినాను. అది నీకు రాయలేదు.

మొన్న చెప్పకుండా వచ్చి అంగడి వాకిట్లో నిలబడినాను. వాడు మోటారుకు రాగితీగ చుట్టతా, చుట్లు లెక్కపెడతా ఉండినాడు. తల ఎత్తి నన్ను చూసినాడు. చూసి గూడా ఆగలేదు. ఎడమచెయ్యి ఎత్తి ఆగు అన్నట్టు పెట్టినాడు. లెక్క తప్పితే మొత్తం విప్పాలంట. నూటపన్నెండు అనేదాకా నేను ఎండలో నిలబడినాను. అప్పుడు తీగ కత్తిరించి, చేతులు తుడుచుకోని, "ఏమక్కా, బస్సు లేటా?" అన్నాడు. ఇద్దరం అంగట్లోనే కూలబడిపోయినాము. నవ్వినామో ఏడ్చినామో మరదలు శారదమ్మను అడగాల, అరుపులు విని ఆమె పరిగెత్తుకోని వచ్చింది.

"ఒక్క మాట చెప్పింటే పోయేది గదరా" అంటే, "నాయనకు మాటిచ్చినాను గదక్కా" అంటాడు. ఇప్పుడు గూడా నిన్ను ఒక్క మాట అననియ్యడు. ఆ మంచితనం చూస్తే నీమీద ఇంకా మండతాది నాకు.

నాయనా, నా కోపం పోలేదు. ఎప్పుడు పోతాదో నాకు తెలీదు. నువ్వు ఉండేది ఉన్నట్టు రాసినావు, నేనూ అట్లనే రాస్తాండాను.

నవంబరు పది, మంగళవారం అమ్మ పంచమి. ఈ ఏడు నేనూ తమ్ముడూ కలిసి పెడతాండాము. కోక తెచ్చినాను. నువ్వు రావద్దు. ఈ ఏడు వద్దు.

ఆ షామియానా మాత్రం పంపించు. ఆ దినం అమ్మ దానికింద ఉండంగా నేను చూడలేదు. ఈ దినమైనా దానికింద కూర్చోవాల. వీధి పక్కన జాగా ఉంది, మేమే కట్టుకొంటాము.

వేణి.

*

పుంగనూరు,
6-11-1987.

మదనపల్లెలో ఒక ఇంట్లో ఉండే నా ఇద్దరు బిడ్డలకూ, నాయన కొండప్ప పట్టరాని సంతోషంతో రాసేది.

ఊరి పేరు ఎన్నిసార్లు చూసినానో అడగొద్దు. పోస్టుమేన్‌కు చూపించినాను, టీ తాపించినాను. వాడు గూడా రెండుసార్లు చదివి, "మదనపల్లెనే తాతా" అన్నాడు. సంతోషానికి అన్నం దిగలేదు, అయినా తిన్నాను, లేకపోతే నువ్వు తిడతావని.

రావద్దన్నావు. రాను తల్లీ. నువ్వు వద్దన్నది గూడా నాకు మొగానికి ఎదురుగా మాట్లాడినట్టే ఉండాది. మీరిద్దరూ ఒక కప్పు కింద ఉండేది చూడాల అని రాసినాను గదా. చూడకపోయినా, ఉండేది ఉంటాది గదా. అది చాలు, ఎక్కువ గూడా.

షామియానాను మూడు దినాలు ఎండేసినాను. ఒక మూల ఎలక కొరికింటే కుట్టినాను. సోమవారం పొద్దున ఎనిమిది గంటల బస్సు పైన వేయిస్తాను. గుడ్డ, నాలుగు గుంజలు, పదకొండు తాళ్ళు, మేకులు, సుత్తి. కండక్టరుకు నాలుగుసార్లు చెప్పినాను. అయినా తమ్ముణ్ణి బస్టాండుకు పోయి కాచుకోమను. వానికి అలవాటే.

కట్టేది శ్రద్ధగా వినండి. గుంతలు మూరన్నర తవ్వండి, తక్కువ చేయొద్దు. గాలి పడమట నించి వస్తాది, కాబట్టి పడమటి తాళ్ళు ముందర కట్టండి. గుడ్డకు పైతట్టు ఏది, కిందితట్టు ఏది అని ఎర్రదారంతో గుర్తు వేసినాను. పసుపు మరక ఉండేది దక్షిణం తట్టు మూల. అది మీ అమ్మ తలవైపు. వేణీ, నువ్వు ఆడ కూర్చో.

నడిమి తాడు ఒకరు కట్టేది కాదు. ఇద్దరూ చెరొక పక్క పట్టుకోని ఒకేసారి లాగాల. ఒకరు ముందరా ఒకరు వెనకా లాగితే గుంజ వాలిపోతాది. ఎవరో ఒకరు "ఊ" అనాల. ఎవరు అంటారో మీరే తేల్చుకోండి. చిన్నప్పుడు అంగట్లో ఇద్దరికీ నేర్పించినాను, చేతులకు జ్ఞాపకం ఉంటాది.

మధ్యాన్నం మీద తాళ్ళు వదులవతాయి, ఒకసారి బిగించుకోండి.

విప్పేటప్పుడు మాత్రం తొందరపడొద్దు. ఎవరన్నా పొద్దు వాలతాంది అంటారు, వాన వస్తాంది అంటారు. వినొద్దు. రావలసినోళ్ళు అందరూ వచ్చినాకనే విప్పండి.

మీ నాయన,
కొండప్ప.